గుండీల డబ్బాల చప్పుడు

జూన్ 4, మంగళవారం

మావయ్యా,

ముందు నీ బండి సంగతి చెప్పి తర్వాత నీ ఆరోగ్యం అడుగుతాను. కోపం తెచ్చుకోకు.

మార్చిలో నువ్వు నీ రిపేరు షెడ్డు మూసేస్తూ నాకిచ్చిన జెనరేటర్‌తో ఇన్నాళ్ళూ పని పడలేదు. పెరట్లో రేకు కింద పడి ఉంది. ఇప్పుడు కరెంటు వాళ్ళు ఏవో మరమ్మత్తులని రోజూ పదకొండు నుంచి ఒంటిగంట దాకా తీసేస్తున్నారు. ఆదివారం ఒక్కటే వదిలేస్తున్నారు. జులై ఆఖరికి ఆసుపత్రి వాళ్ళకి రెండొందల నలభై తెల్ల కోట్లు కుట్టి ఇవ్వాలి. రోజుకి రెండు గంటలు మోటార్లు ఆగితే నా గతేమిటో నువ్వే ఆలోచించు. గడువు దాటితే వచ్చే ఏడాది ఆర్డరు ఇంకొకరికి పోతుంది.

నిన్న తాడు లాగీ లాగీ భుజం ఊడొచ్చింది. చివరికి అంటుకుంది కానీ సరిగ్గా తిరగదు. నీకు ఫోన్ చేస్తే వినపడదు. చెవి మిషన్ పెట్టుకుంటే ఈల తప్ప ఏమీ రాదంటావు. మరి దీని రోగం నీకెలా చెప్పను?

అమ్మ బాగానే ఉంది. నాలుగేళ్ళుగా వాడికి అక్కతో మాట్లాడే తీరిక లేదని రోజుకోసారి అనుకుంటుంది. చెవులు పోయాక ఎవరితోనూ ఫోన్ మాట్లాడటం లేదమ్మా అంటే వినదు. "రాయకూడదా" అంటుంది. నువ్వు రాయకూడదా అంటే, "నాకు కళ్ళద్దాలు సరిలేవు" అంటుంది.

నీ మేనకోడలు,
కత్తెర


జూన్ 11, మంగళవారం

కత్తెరా,

నాలుగేళ్ళ వయసులో నా కొత్త చొక్కా కత్తిరించావు గనక ఆ పేరు నీకు జన్మంతా తప్పదు.

ముప్పై ఏళ్ళు ఇంజన్ల పక్కన కూర్చుని చెవులు పోగొట్టుకున్నవాడికి ఇంజన్ రోగం చెప్పాలంటే ఒకటే మార్గం. అది చేసే చప్పుడు ఉన్నదున్నట్టు కాగితం మీద పెట్టు. సిగ్గుపడకు. ఇక్కడ కుర్చీల కంపెనీ మేనేజరు తన ఇంజన్ చెడిపోతే అలాగే రాసిచ్చేవాడు. దడదడా, గరగరా, ఏదైతే అది. నేను చదువుకుంటే నా బుర్రలో మోగుతుంది. దానితోపాటు చుట్టుపక్కల ఏం కదిలిందో కూడా రాయి.

నువ్వు రాయకపోయినా ఒకటి ఊహించగలను. మార్చిలో పోసిన పెట్రోలే దాంట్లో ఉంది. అవునా? అది పాచిపోయి ఉంటుంది. బండి పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు పెట్రోల్ ట్యాపు కట్టెయ్. టాంకులో ఉన్నదంతా ఒక డబ్బాలోకి తీసెయ్. కార్బొరేటర్ అడుగున గిన్నెలాంటిది ఉంటుంది, దాని కింద చిన్న స్క్రూ. అది వదులు చేస్తే మిగిలిందీ కారిపోతుంది. కొత్త పెట్రోల్ పొయ్యి. ప్లగ్గు విప్పి మసి గీకి ఆరబెట్టు. గాలి ఫిల్టర్ స్పాంజి దులుపు. ఆయిల్ గీత దాకా ఉందో లేదో చూడు. తగ్గితే బండి తనంతట తనే ఆగిపోతుంది. అది రోగం కాదు, తెలివి.

దగ్గర్లో స్టవ్వు, అగరొత్తి, బీడీ ఏదీ ఉండకూడదు. బండి తిరుగుతుండగా పెట్రోల్ పొయ్యొద్దు, ఆపి చల్లారనివ్వు.

వానలొస్తున్నాయి. బండిని తడవనివ్వకు. తడి చేత్తో ముట్టుకోకు. నీళ్ళు పడితే షాక్ కొడుతుంది. ఇది మాత్రం రాసి గోడకి అంటించు.

అక్కకి చెప్పు, తీరిక లేక కాదు. ఎదుటి మనిషి మాట్లాడుతుంటే వినపడక, ఊఁ కొట్టాల్సిన చోట ఆఁ అంటే నాకే నామోషీ. అందుకని మానేశాను.

నీ చెవిటి మావయ్య


జూన్ 19, బుధవారం

మావయ్యా,

నీ నోట్లో చక్కెర పొయ్య! నువ్వు చెప్పినవన్నీ వరసగా చేశాను. ఆ గిన్నెలోంచి కారింది పెట్రోలో తేనో తెలియలేదు. మొదట్లో "వూఁ... వూఁ... వూఁ..." అని ఊగి "టప్" అని చచ్చేది. ఇప్పుడు "డుడుడుడుడు" అని ఒకే తీరుగా పోతోంది. మా ఇంట్లో నా మాట వినేది ఇదొక్కటే.

నువ్వు చెప్పింది రాసి గోడకి అంటించాను. నిన్న జోరున వాన పడింది, చుక్క నీరు తగలనివ్వలేదు. పై వాటా టీచరమ్మ చప్పుడని గోల పెడుతుంటే ఆవిడ గొడవ కూడా తీరింది. తడవకుండా మంచి చోటే చూశానులే, బెంగపడకు.

రెండు అనుమానాలు. ఇస్త్రీపెట్టె పెట్టగానే బండి మూలిగి స్విచ్చు పడిపోతోంది, ఎందుకని? ఇంకొకటి, వైరింగ్ పని చేసే అతను వచ్చి, రెండు వైపులా పిన్నులున్న వైరు చేసిస్తాను, బండికో కొస, గోడ సాకెట్‌కో కొస పెడితే ఇల్లంతా వెలుగుతుంది అన్నాడు. చేయించమంటావా?

అమ్మకి కొత్త కళ్ళద్దాలు చేయించాను. అవి పడినట్టు లేవు. మధ్యాహ్నం అయ్యేసరికి తల పగిలిపోతోందంటుంది. అద్దాలాయన పది రోజులు ఓపిక పట్టమన్నాడు.

కత్తెర


జూన్ 26, బుధవారం

కత్తెరా,

ఆ వైరు చేసేవాణ్ణి గుమ్మం ఎక్కనివ్వకు. ఇది తమాషాకి రాయడం లేదు. గోడ సాకెట్‌లోకి కరెంటు ఎక్కిస్తే అది నీ ఇంట్లో ఆగదు, వీధి తీగలోకి వెనక్కి పోతుంది. కరెంటు తీసేశారు కదా అని స్తంభమెక్కి పనిచేస్తున్న మనిషి దాన్ని పట్టుకుంటాడు. నీ కోట్ల కోసం ఒక మనిషిని చంపుకుంటామా? ఇల్లంతా వెలగాలంటే లైసెన్సు ఉన్నవాడు వచ్చి, వీధి తీగని విడదీసే మార్పిడి స్విచ్చు బిగించాలి. అప్పటిదాకా మందపాటి వైరు ఒకటి బండి దగ్గర్నుంచి నేరుగా నీ మిషన్లకే లాక్కో.

ఇస్త్రీపెట్టె ఒక్కటే బండి బలంలో సగం మింగుతుంది. మూడు మోటార్లూ, ఇస్త్రీపెట్టే ఒకేసారి అంటే అదేమన్నా ఏనుగా? ముందు ఖాళీగా రెండు నిమిషాలు తిరగనివ్వు. తర్వాత ఒక్కో మోటారు తగిలించు. ఇస్త్రీ కరెంటు వచ్చాక చేసుకో.

మీ అమ్మ తలనొప్పి నాకు కొత్త కాదు. చిన్నప్పుడు నీళ్ళు మోసుకురమ్మంటే వచ్చేది, జామకాయలు కోసుకుందామంటే పోయేది. ఇప్పుడు నీ ఆర్డరు తెమలాలంటే వచ్చింది కాబోలు. కొత్త అద్దాలకి వెలుతురు పడదు. కిటికీలు మూసి, ఎండ తగలకుండా ఒకచోట కూర్చోబెట్టు. నాలుగు రోజుల్లో అలవాటవుతుంది.

తిట్టానని అక్కకి చెప్పకు. చెప్పినా ఫర్వాలేదు, తిడితే వింటుంది.

చెవిటి మావయ్య


జులై 5, శుక్రవారం

మావయ్యా,

ఈ ఉత్తరం కోపంలో రాస్తున్నాను. ముందే చెప్తున్నాను, చదివి నవ్వకు.

అమ్మ నా పరువు తీసింది. మొన్న ఆరు కోట్లకి ఎడమ చేయి కుడివైపు, కుడి చేయి ఎడమవైపు కుట్టింది. ఒకదానికి కాలర్ ఉండాల్సిన చోట జేబు. నలభై ఏళ్ళుగా మిషన్ తొక్కుతున్న మనిషి! ఏమ్మా ఇది అంటే నా మొహంలోకి ఎవరో కొత్త మనిషిని చూసినట్టు చూసింది. ఇక మిషన్ ముట్టుకోవద్దు, వయసైపోయింది, కూర్చో అన్నాను. అనకూడని మాట అన్నానని నాకూ తెలుసు. అప్పట్నుంచి అన్నం సరిగ్గా తినదు, నాతో మాట్లాడదు. నువ్వు చెప్పినట్టు మిషన్ల గది కిటికీలన్నీ మూసేశాను. ఆ గదిలోనే స్టోర్ గది గుమ్మం పక్కన కుర్చీ వేసుకుని, తను తప్పు కుట్టినవన్నీ తనే విప్పుతూ కూర్చుంటోంది. విప్పినవి కూడా తప్పే. సాయంత్రం వరండాలో కూర్చుంటే మాత్రం పక్కింటావిడతో తేటగా లెక్కలు కట్టి కూరగాయల బేరం ఆడుతుంది. అంటే నా పనికే మతిమరుపా? నువ్వన్నదే నిజం, అంతా వంక.

ఒక్క మంచి కబురు. మా ఓవర్‌లాక్ అమ్మాయి, అదే బట్ట అంచులు కుట్టే మిషన్ మీద ఉండే పిల్ల, తెలుసుగా, ఏప్రిల్‌లో పెళ్ళయింది. మంగళవారం మధ్యాహ్నం కళ్ళు తిరిగి పడబోయి, పెరట్లోకి పరిగెత్తి కక్కుకుంది. ఇంకేం, అందరం చేతులు పట్టుకుని ఊపేశాం, స్వీట్లు తెప్పించాం. ఇంకా ఏమీ లేదండీ అంటుంది, సిగ్గు మరి.

నా ఒంట్లో మాత్రం బాగానే ఉంది. నేను ముందు గదిలో వీధి తలుపు దగ్గర కత్తిరింపు బల్ల దగ్గరే ఉంటాను.

బండి బంగారం. చప్పుడు రాయమన్నావు కదా, ఇదిగో: "డుడుడుడుడు", దాని వెనకే గుండీల డబ్బాలు "గలగలగలగల". పదకొండింటికి మొదలెడితే ఒంటిగంట దాకా అదే పాట. విని విని ఓవర్‌లాక్ అమ్మాయి దానికి తాళం వేస్తోంది.

కోట్లు నూట ముప్పై అయ్యాయి. గడువుకి కటకటగా ఉంది.

కత్తెర


జులై 10, బుధవారం, మధ్యాహ్నం

కత్తెరా,

ఈ ఉత్తరం నీకు చేరేసరికి మీరంతా క్షేమంగా ఉండాలి. కొట్టు అరుగు మీద కూర్చుని రాస్తున్నాను, రాత అర్థం చేసుకో.

నీ ఉత్తరం ఇవాళ పదకొండుంపావుకి వచ్చింది. గుండీల డబ్బాలు మోగుతున్నాయని చదివేసరికి నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ డబ్బాల అలమర స్టోర్ గదిలో నేనే మేకులు కొట్టి పెట్టాను. పెరట్లో రేకు కింద బండి తిరిగితే స్టోర్ గదిలో డబ్బాలు ఎందుకు అదురుతాయి? బండిని స్టోర్ గదిలో పెట్టావు. తడవనివ్వకు అన్నానని లోపల పెట్టావు.

ఆ పొగలో ఒక విషవాయువు ఉంటుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. నీ తల్లి తలనొప్పి అదే. ఎడమ చేయీ కుడి చేయీ అదే. ఆ పిల్ల కక్కుకున్నదీ అదే. సాయంత్రం బయట కూర్చుంటే తగ్గుతోందని నువ్వే రాశావు కదే! కిటికీ తెరిచి పెట్టినా చాలదు. ఆ ఉన్న కిటికీలు కూడా నేనే మూయించాను. పెరట్లో రేకు కింద ఉందని మొదటి ఉత్తరంలో రాశావు గనక అది అక్కడే ఉంటుందనుకున్నాను. బయట పెట్టు అన్న ఒక్క ముక్క రాయలేదు. ఒకప్పుడు ఒక కోళ్ళ షెడ్డు కాపలావాణ్ణి ఇలాగే, నిద్రపోయినట్టు కూర్చున్నవాణ్ణి, ఎత్తి బయటికి మోశాం. లేవలేదు. అది తెలిసీ రాయలేదు.

టైము చూస్తే బండి తిరిగే వేళ. కిరాణా కొట్టుకి పరిగెత్తాను. కొట్టాయనతో నంబరు తిప్పించి, అవతల ఎత్తగానే నా భుజం తట్టమన్నాను. తట్టాడు. ఎవరెత్తారో తెలియదు. "బండి ఆపండి, అందరూ బయటికి రండి, అక్కని ముందు తీసుకురండి, ఆసుపత్రికి వెళ్ళండి" అని ఊపిరి ఉన్నంతసేపు అరిచాను. తర్వాత ఆయన చెవిన పెట్టుకుంటే అవతల ఎవరో ఏడుస్తున్నట్టుంది, ఫోన్ కింద పడ్డ చప్పుడయింది అన్నాడు. మళ్ళీ తిప్పితే ఎంగేజు. ఇప్పటికి పదకొండుసార్లు ఎంగేజు.

సాయంత్రం బస్సుకి బయల్దేరుతున్నాను. ఈ ఉత్తరం కంటే నేనే ముందు వస్తానేమో, అయినా రాయకుండా ఉండలేకపోయాను.

మావయ్య


జులై 12, శుక్రవారం

మావయ్యా,

నువ్వు ఉత్తరం రాశానన్నావట, ఇంకా చేరలేదు. బుధవారం నాలుగింటికి ఆసుపత్రి నుంచి, ఎప్పుడో నువ్విచ్చిన నంబరుకి, కొట్టాయనకి ఫోన్ చేసి "అందరూ బతికే ఉన్నారు, బస్సెక్కొద్దనండి" అని చెప్పాను. అది పలక మీద రాసి నీకు చూపించానని తర్వాత ఫోన్‌లో చెప్పాడు. మిగతాది ఇప్పుడు రాస్తున్నాను.

ఆ పూట ముందు గదిలో ఉన్నాను. లోపల ఫోన్ మోగింది, ఆగింది. అమ్మ ఎత్తింది కాబోలు అనుకున్నాను. ఐదు నిమిషాలైనా మిషన్ల చప్పుడు లేదు. బండి మాత్రం తిరుగుతూనే ఉంది. లోపలికెళ్తే ఓవర్‌లాక్ అమ్మాయి మిషన్ మీద తల పెట్టేసి ఉంది. అమ్మ స్టోర్ గుమ్మం పక్కన కుర్చీలో, రిసీవర్ రెండు చేతులా చెవికి అదుముకుని కూర్చుంది. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. నవ్వుతోంది.

"తమ్ముడే" అంది.

బండి చప్పుడులోనూ నీ గొంతు గుమ్మం దాకా వినపడుతోంది మావయ్యా. "బండి ఆపండి, బయటికి రండి" అని. అమ్మ దానికి జవాబు చెప్తోంది. "అరవకురా నాయనా, వినపడుతోంది. ఎక్కడున్నావు? తిన్నావా?" అని మెల్లగా అడుగుతోంది. అదే, మళ్ళీ మళ్ళీ. నువ్వు బయటికి పొమ్మని అరుస్తుంటే, నువ్వు పెట్టేస్తావేమోనని ఈవిడ కుర్చీలోంచి లేవడం లేదు!

రిసీవర్ లాక్కుని పడేశాను. అమ్మని చంకల కింద పట్టుకుని ముందు గదిలోంచి వీధిలోకి ఈడ్చుకొచ్చాను. టీచరమ్మ పై నుంచి చూసి పరిగెత్తుకొచ్చింది, ఆ అమ్మాయిని ఇద్దరం మోశాం. ఇదంతా పొగే అని అప్పటికి తట్టి, ఊపిరి బిగబట్టి వెళ్ళి బండి స్విచ్చు కట్టేశాను. ఆసుపత్రిలో ఇద్దరికీ మాస్కులు పెట్టి ఆక్సిజన్ ఎక్కించారు. ఇంకో గంట ఆలస్యమైతే నేనేమీ చెప్పలేకపోయేదాన్ని అంది డాక్టరమ్మ. పోయినేడాది మేం కుట్టిన కోటే వేసుకుని ఉంది.

అమ్మ నిన్న ఇంటికొచ్చింది. ఓవర్‌లాక్ అమ్మాయికి బాగానే ఉంది. కడుపూ లేదు ఏమీ లేదు, స్వీట్లు మాత్రం తిరిగివ్వనంది.

మావయ్యా, నేను అమ్మని వయసైపోయిందన్నాను. మా అమ్మకి విషం పెట్టి, వంకలు పెడుతున్నావని తిట్టాను. నిన్న కాళ్ళ దగ్గర కూర్చుని ఏడిస్తే, "ఆ ఆరు కోట్లూ పట్రా, సరిచేస్తాను" అంది. అంతే. నాకింకా సిగ్గుగా ఉంది.

కత్తెర


జులై 18, గురువారం

కత్తెరా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. సిగ్గులో సగం నాది, నువ్వొక్కదానివే మోయకు. తడవనివ్వకు అన్నదీ, కిటికీలు మూయమన్నదీ, అక్కవన్నీ వంకలన్నదీ నేను. నీ పాపం ఒక్కటే, నా మాట వినడం.

బండిని పెరటి చివరకి లాగు. ఏ తలుపుకీ ఏ కిటికీకీ ఇరవై అడుగుల లోపల ఉండకూడదు. మనదీ, టీచరమ్మదీ, పక్కింటిదీ కలిపి కొలువు. పొగ గొట్టం ఇళ్ళకి ఎదురుగా కాకుండా అవతలికి తిప్పు. పైన రేకు నాలుగు గుంజల మీద ఉండాలి, చుట్టూ గోడ గానీ పరదా గానీ వద్దు. గాలివానలో జల్లు కొడితే ఆ పూట బండి ఆపు, కోట్లు ఆగుతాయి. విషవాయువు పట్టి కూసే చిన్న డబ్బా బజార్లో దొరుకుతుంది. ఒకటి ఇంట్లో తగిలించు. ఎవరికి తల నొప్పి అన్నా ముందు వాళ్ళని బయటికి తీసుకెళ్ళు, కారణం తర్వాత వెతుకు.

ఇప్పుడు రెండో పని. ఆదివారం, ఇరవై ఎనిమిదో తారీకు, పదింటికి ఫోన్ చేస్తాను. అక్కని ఎత్తమను. నేను మాట్లాడతాను, నాకేమీ వినపడదు, అయినా సరే. తనని కూడా మాట్లాడమను. ఊఁ బదులు ఆఁ అంటే అంటాను, నామోషీకి ఇంతకంటే ఖరీదు కట్టలేను. తనేమందో నువ్వు పక్కన కూర్చుని రాసి పంపు, ఇంజన్ చప్పుడు రాసినట్టే. ఫోన్ వైరు పొడుగు చేయించి వరండాలోకి పెట్టు.

మావయ్య


జులై 29, సోమవారం

మావయ్యా,

బండి పెరటి చివర ఉంది. టేపుతో కొలిచాను, ఇరవై ఆరు అడుగులు. డబ్బాలు మోగడం లేదు. టీచరమ్మకి చప్పుడు ఎక్కువైంది కానీ ఏమీ అనడం లేదు. కోట్లు రెండొందల ముప్పై అయ్యాయి, మిగతావి ఎల్లుండికి అయిపోతాయి.

నిన్న అమ్మ అన్నవి వరసగా రాస్తున్నాను.

నువ్వు "అక్కా, ఉన్నావా?" అన్నప్పుడు: "ఉన్నాను, ఎక్కడికి పోతాను."

నువ్వు తలనొప్పి తగ్గిందా అన్నప్పుడు: "జామకాయల సంగతి దీనికి రాశావుట, సిగ్గులేదూ?"

నువ్వు ఇక్కడ వాన పడుతోంది అన్నప్పుడు: "తిన్నావా?"

నువ్వు తప్పంతా నాదే అన్నప్పుడు ముక్కు చీదింది. రాయమన్నావు గనక రాస్తున్నాను: "సర్ర్ర్."

నువ్వు వచ్చే ఆదివారం చేస్తానన్నప్పుడు: "తొమ్మిదింటికి చెయ్యి, పదింటికి పనుంటుంది." కాబట్టి తొమ్మిదింటికి చెయ్యి.

నువ్వు పెట్టేశాక కూడా కాసేపు రిసీవర్ చెవినే పట్టుకుని ఉంది. "వాడి గొంతేం మారలేదే" అంది. తర్వాత లేచి, లోపలికెళ్ళి, మిషన్ మీద కూర్చుని కోటు చేతులు కుట్టింది. నేను పక్కన నిలబడి చూశాను. రెండూ సరిగ్గానే కుట్టింది.

కత్తెర